తిరుగుడు రేకుతో ఎఱగాలము: కట్టు విధము, వేయదగిన కాలము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో చెఱువుగాని కుంటగాని లేని గ్రామము మిక్కిలి అరుదు. గణపతిదేవుని పేర వెలసిన గణపురము చెఱువు, ఆయన సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారపు చెఱువు మొదలుకొని నిన్నమొన్న పూడిక దీసిన చిన్న కుంట వఱకు, నీరు నిలిచిన ప్రతి తావునను చేప కలదు. చేప యున్నచోట గాలము చేతబట్టి కట్టమీద గూర్చుండు రైతును గలడు. నాటునకును కలుపునకును నడుమ దొరకిన తీరికలో ఇంటికి కూరచేపను తెచ్చుకొనుట మన పల్లెలకు క్రొత్త గాదు.

ఇటీవల కొందఱు యువకులు పట్టణపు అంగళ్లలో తళతళ మెఱయు రేకుగాలములను హెచ్చు వెలకు కొనితెచ్చుచున్నారు. ఒక్కసారి ముండ్లకంపకు తగిలినచో ఆ సొమ్ము నీటిపాలగును. ఇట్టి గాలమును ఇంటనున్న పాత రేకుతో, నాలుగు పూసలతో, మూరెడు తీగతో ఎవరైనను కట్టుకొనవచ్చును. ఆ విధమును సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క మొదటి యుద్దేశము. ఈ గాలమునకు ఏ గుణమువలన బలము కలిగినదో, ఆ గుణమువలననే వానకాలపు మొదటి నెలలలో చెఱువునకు చేటు వాటిల్లును. దానిని తెలుపుట రెండవ యుద్దేశము. మొదటిది చదివి రెండవది విడువవలదని ముందుగనే కోరుచున్నాము.

రేకు చేయు పని యేమి?

మన పెద్దలు వేయు గాలమున బెండు, దారము, ముల్లు, ముల్లునకు గ్రుచ్చిన ఎఱ్ఱ మాత్రమే యుండును. అది యొకచోట వ్రేలాడుచుండగా చేప దానిని వెదకికొని రావలెను. జెల్ల, మార్పు వంటి చేపలు వాసనపట్టి వచ్చును. కాని మన ప్రాంతమున అందఱు కోరు కొర్రమీను వేటాడి తిను చేప. నిలిచిన దానికంటె కదలుచున్నదే దాని మనస్సు నాకర్షించును.

చేప దేహమునకు ఇరుప్రక్కల తల మొదలు తోక వఱకు సన్నని గీత యొకటి కనబడును. నీటిలో పుట్టు అదురును చేప ఆ గీతవలన గ్రహించును. వరద వచ్చి నీరు ఎఱ్ఱమట్టితో కలగియున్నపుడు కన్నులు పనిచేయకపోయినను, ఈ గీత పనిచేయుచునే యుండును. ముల్లునకు ముందు చిన్న రేకును వ్రేలాడదీసి దారమును లాగినచో, నీటి త్రోపుడుచేత ఆ రేకు గిరగిర తిరుగును. తిరుగునపుడు నీటిలో అదురు పుట్టును. వెలుతురున్నచో మెఱపును పుట్టును. చిన్న పరకచేప బెదరి పారిపోవుచున్నట్లు కొర్రమీనునకు తోచును. అది వెంబడించి దగ్గఱకు వచ్చునప్పటికి నిజమైన ప్రాణముగల ఎఱ దాని నోటికి అందును. రేకు పిలుచును, ఎఱ నమ్మించును. ఈ రెంటిని కూర్చుటయే ఈ గాలములోని యుపాయము.

ఈ యుపాయము అన్యదేశమునుండి వచ్చినది. అమెరికా దేశమున జూలియో బ్యూయెల్ అనునతడు చెంచావంటి రేకునకు గాలమును గట్టి 1852 సం.న దానికి పేటెంటు పొందెను. అక్కడివారు అటు పిమ్మట రేకునకు వెనుక వానపామును గ్రుచ్చి వాడుక చేసిరి. మన చెఱువుల చేపలు వేఱైనను, వేటాడు చేప స్వభావ మెక్కడనైన నొక్కటియే.

రేకును చేయుట

పాత ఇత్తడి రేకు, పలుచని స్టీలు చెంచా, నూనె డబ్బా రేకు, ఇందేదైనను పనికివచ్చును. ఇత్తడి త్రుప్పుపట్టదు గనుక అది మేలు. డబ్బా రేకు నాలుగైదు పూటలకే త్రుప్పుపట్టి మెఱపు తగ్గును.

రేకు ఆకారమునుబట్టి దాని నడక మాఱును. రూపాయి బిళ్ళవలె గుండ్రనిదైనచో దారమునకు దూరముగా విచ్చుకొని మెల్లగా తిరుగును. నీటిలో అదురు హెచ్చుగా బుట్టును. మురికి నీటికిని, మెల్లగా లాగుటకును ఇది తగును. వెదురాకువలె సన్ననిదైనచో దారమునకు అంటియుండి వడిగా తిరుగును. అదురు తక్కువ, మెఱపు హెచ్చు. తేటనీటికిని, వాగుల పాఱుడు నీటికిని ఇది తగును. మొదటిసారి కట్టువారు ఈ రెంటికి నడుమ కానుగాకు ఆకారమున, అంగుళము పొడవున కత్తిరించుకొనుట మంచిది.

కత్తిరించిన పిదప రేకును చెక్కలోని చిన్న గుంటపై నుంచి గుండ్రని తలగల సుత్తెతో మెల్లగా కొట్టి, చెంచావలె లోతు కలిగింపవలెను. లోతు లేని చదునురేకు సరిగా తిరుగదు. సన్నని కొనకు దగ్గఱగా మేకుతో చిన్న రంధ్రము చేయవలెను. అంచులను, రంధ్రమును ఆకురాయితో నునుపు చేయుట మఱవరాదు. పదునుగానున్న అంచు దారమును కోయును, చేతిని కూడ కోయును.

లాడము, పూసలు

రేకును నేరుగా దారమునకు కట్టినచో తిరుగదు. అది స్వేచ్ఛగా తిరుగుటకు సన్నని గట్టితీగతో గుఱ్ఱపు లాడము ఆకారమున చిన్న కొక్కెము చేయవలెను. సైకిలు బ్రేకుతీగలోని ఒక పోగు ఇందుకు చాలును. తీగను రేకు రంధ్రములో దూర్చి, లాడమువలె వంచి, రెండు కొనలను చిన్న చిన్న వలయములుగా చుట్టవలెను. దారము ఆ రెండు వలయములలోనుండి పోవును; రేకు లాడపు వంపులో వ్రేలాడును. రేకు లోతుప్రక్క ముల్లువైపు తిరిగియుండవలెను.

లాడమునకును ముల్లునకును నడుమ పూసలు గ్రుచ్చవలెను. ఇవి అందమునకు మాత్రమే యని కొందఱు తలతురు, అది పొరపాటు. పూసలు రెండు పనులు చేయును. తిరుగు రేకు ముల్లునకు తగిలి ఆగకుండ దూరముంచుట యొకటి, లాడము సులువుగా జాఱి తిరుగునట్లు చేయుట రెండవది. పూసల వరుస పొడవు రేకు పొడవునకు రవంత మించియుండవలెను. అంగుళపు రేకునకు చిన్న పూసలు అయిదాఱు సరిపోవును. నునుపైన గాజుపూసలుగాని ప్లాస్టిక్ పూసలుగాని తీసికొనవచ్చును. రంధ్రపు అంచు పగిలిన పూసను పాఱవేయవలెను.

దారము, ముళ్లు, ముడులు

కొర్రమీను బలముగా గుంజును. పట్టుబడినపుడు తామరతూండ్లలోనికి దూరిపోవును. కావున దారము సన్ననిదైన లాభము లేదు. నైలాను దారమున మిల్లీమీటరులో నాలుగు పదవవంతులకు తక్కువగాని లావు కావలెను. ఎఱ్ఱకు రెండు ముళ్లు కట్టుట మేలు.

కట్టు క్రమ మిది. రెండు గజముల దారము తీసికొనుడు. దారపు కొనను మొదటి ముల్లు కంటిలోనుండి దూర్చి, ముల్లు కాడ వెంబడి పఱచి, ఆ కాడకును కొనకును కలిపి దారమును ఆఱేడు చుట్లు ఒకదాని ప్రక్క నొకటి ఒత్తుగా చుట్టుడు. కొనను చుట్ల క్రిందినుండి తీసి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగింపుడు. తడుపక బిగించిన నైలాను ఒరపిడిచే వేడెక్కి ముడియొద్ద బలహీనమగును. ముడి చూచుటకు బాగుగనే యుండును, చేప పడిననాడు తెగును. రెండవ ముల్లును మూడు నాలుగు అంగుళముల పైన అదే విధముగా కాడచుట్టుముడితో కట్టుడు. దాని పైన పూసలు, పూసల పైన రేకుతో కూడిన లాడము గ్రుచ్చుడు. అక్కడనుండి రెండు మూరల దారము విడిచి, పైకొనకు అంగళ్లలో స్వివెల్ అను పేర దొరకు తిరుగుడు కడియమును ముడివేయుడు. కడియపు రెండవ ప్రక్క పెద్ద దారము కట్టి, దానికి బరువు తగిలింపుడు.

ఈ కడియము విషయమున మా యనుభవము చెప్పవలసియున్నది. మేము మొదట కట్టిన గాలమున కడియ మెందుకని మానితిమి. పది పదునైదు మార్లు విసరి లాగునప్పటికి దారమంతయు మెలిపడి, ఎండిన తీగవలె చుట్టలుచుట్టుకొని, విప్పుటకు సాధ్యముకాక కోసి పాఱవేయవలసి వచ్చెను. ఆ కడియము వెల స్వల్పము, అది లేకుండుటవలని నష్టము దారమంత.

బరువునకు సీసము వాడుట చాలమందికి అలవాటు. సీసము విషలోహము, తెగి నీటిలో బడినచో అక్కడనే యుండును. దానికి మాఱుగా ఇనుప నట్టు నొకదానిని కట్టుకొనవచ్చును.

కట్టుట ముగిసిన పిమ్మట చెఱువునకు పోకముందే పశువుల తొట్టిలో లాగి చూడుడు. మెల్లగా లాగినను రేకు తిరిగిన గాలము సిద్ధమైనట్లే. తిరుగకున్న రేకునకు లోతు చాలలేదనిగాని, లాడపు వలయములు బిగుతుగా నున్నవనిగాని గ్రహించి సరిచేసికొనవలెను.

ఎఱ

ఎఱ్ఱను, అనగా వానపామును, పెంటకుప్పయొద్ద తడినేలలో సులభముగా సంపాదింపవచ్చును. మట్టికుండలో తడిమట్టియు ఆకుచెత్తయు వేసి నీడను ఉంచిన కొన్ని దినములు బ్రదికియుండును. మడినేలకు ఇవి మేలుచేయునవి గనుక కావలసినన్నియే తీసికొనవలెను. ఎఱ్ఱ తలను పై ముల్లునకును, నడుమును క్రింది ముల్లునకును గ్రుచ్చి, తిన్నగా సాగియుండునట్లు చూడవలెను. ముద్దగా గ్రుచ్చినచో రేకునకు బదులు ఎఱయే తిరుగును.

పరకచేపను ఎఱగా వాడువారు ఒక ముల్లే యుంచి, రెండు పెదవులకు కలిపి గ్రుచ్చవలెను. అట్లయిన అది ఊపిరి తీయుచు ఈదుచుండును. ఎఱచేపలను వెడల్పైన పాత్రలో కొలదిగా నుంచి, నీరు మాఱ్చుచు, ఎండ తగులకుండ కాపాడవలెను.

ఇచ్చట మూడు హెచ్చరికలు. ఒక చెఱువునుండి తెచ్చిన ఎఱచేపలను మఱియొక చెఱువులో విడువరాదు, ఆ పాత్రలోని నీటినిగూడ పోయరాదు. చేపల ఒడలు పుండ్లుపడి చచ్చు జబ్బొకటి 1988 సం.న మన దేశమున ప్రవేశించెను. అది కొర్రమీనునకు మిక్కిలిగా తగులును, నీటివెంటను చేపలవెంటను వ్యాపించును. రెండవది, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలను ఎఱగా తేరాదు. అవి తప్పించుకొని చెఱువులో పెరిగినచో తక్కిన చేపలను నాశనము చేయును; వాని పెంపకమును ప్రభుత్వము నిషేధించినది. మూడవది కప్పను గూర్చినది. కొర్రమీనునకు కప్పను ఎఱవేయుట మన యొద్ద పాత అలవాటు. కాని కప్ప పొలములోని పురుగులను తిని రైతునకు కూలి లేని కూలివాడై పనిచేయును. కప్పకాళ్ల యెగుమతిని మన దేశము 1987 సం.న నిలిపివేసినది, 1972 సం. నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందును కప్పలకు రక్షణ కలదు. ఎఱ్ఱయు రేకును ఉండగా కప్ప అక్కఱయే లేదు.

వేయు విధము

తెల్లవారుజామునను ప్రొద్దుగ్రుంకువేళను కొర్రమీను ఒడ్డునకు వచ్చును. అది నీటిలోని గాలి చాలక అప్పుడప్పుడు పైకివచ్చి బయటి గాలిని మ్రింగిపోవును. ఆ బుడగ లేచిన తావును గుర్తుపట్టి, దానికి కొంచెము అవతల గాలము విసరి, రేకు తిరుగునంత వడితో మాత్రమే లాగవలెను. గుఱ్ఱపుడెక్కయు నాచును దట్టముగానున్నచోట ఈ గాలము చిక్కుకొనును. వాని అంచువెంబడి లాగవలెను. మున్నేరు, ఆకేరువంటి పాఱుడు నీటిలో లాగవలసిన పనియే యుండదు; ప్రవాహమే రేకును త్రిప్పును. చేప పట్టిన వెంటనే గుంజక, ఎఱ నోటిలోనికి పోవునంత యెడమిచ్చి పిదప గట్టిగా లాగవలెను.

తెగిన నైలాను దారమును కట్టమీద విడువరాదు. అది పక్షుల కాళ్లకు, గేదెల గిట్టలకు ఉరియగును. ఇంటికి తెచ్చి చెత్తలో వేయుట గాలము పట్టినవాని ధర్మము.

వేయగూడని కాలము

ఇక ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. జూన్ మొదటి వారము దాటగనే మృగశిర కార్తె ప్రవేశించును. ఆ దినమున చేప తినవలెనని మనవారి యాచారము. ఆ దినములలో కొర్రమీను వెల హెచ్చును, కట్టలమీద గాలములును హెచ్చును. సరిగా ఆ వానలతోనే కొర్రమీను జతకట్టి గ్రుడ్లు పెట్టుట సాగించును.

ఒడ్డున లోతులేని నీటిలో గడ్డిని తొలగించి, జత కొర్రమీనులు గుండ్రని చోటు చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలుచు కొద్ది దినములలో పిల్లలగును. పిల్లలు ఎఱ్ఱగా నిప్పుకణికల గుంపువలె నీటిమీద కదలుచుండును. తల్లిదండ్రులు, ముఖ్యముగా మగచేప, ఆ గుంపు క్రిందనే తిరుగుచు కొన్ని వారములు కావలికాయును. ఆ కాలమున దగ్గఱకు వచ్చిన దేనినైనను తరిమి కరచును. ఆకలిచేత గాదు, పిల్లలపై మమకారముచేత.

తిరుగుడు రేకుగాలము ఇక్కడనే ప్రమాదకరమగును. ఎఱ్ఱపిల్లల గుంపును చూచి దాని ప్రక్కగా రేకును లాగినచో, కావలిచేప తప్పక దుముకును. వేటలో ఇంత సులువైనది మఱొకటి లేదు. అందుచేతనే యువకులు ఆ గుంపునే వెదకుచుందురు. కావలి పోయిన వెంటనే పరకలు, జెల్లలు, నీటికోళ్లు, పాములు ఆ పిల్లలను తినివేయును. ఒక పూట కూరకొఱకు వందలకొలది పిల్లలను పోగొట్టుకొందుము. ఎదిగి సంతలో అమ్ముడుపోవలసిన చేపలవి.

కొర్రమీను ఇతర చేపలను తినునది, పోయిన పోనిమ్మని కొందఱందురు. 2016-17 సం. నుండి ప్రభుత్వము చెఱువులలో విడిచిన బొచ్చె, రవ్వ, మృగాల పిల్లలను ఇది తినుమాట నిజమే. కాని దీనికి పిల్లల కొనుగోలు లేదు, మేత ఖర్చు లేదు. ఇతర చేపలు బ్రదుకలేని బురదకుంటలోను బ్రదుకును. ప్రాణముతో సంతకు చేరును. వెలలో బొచ్చె, రవ్వలను మించియుండును. 2016 సం.న దీనిని తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటించిరి. నీరు తగ్గిన వేసవిలో, పిల్లలను విడుచుటకు ముందు, ఎదిగిన కొర్రమీనులను గాలముతో పట్టినచో విడిచిన పిల్లలకును మేలు, పట్టినవానికిని లాభము. వాన మొదలైన పిదప కావలిచేపను పట్టుట ఇద్దఱికిని నష్టము. గాల మొకటియే, కాలము వేఱు.

కావున సభ్యులకు మా సూచన యిది. మృగశిర మొదలు వానలు నెమ్మదించువఱకు ఎఱ్ఱపిల్లల గుంపు కనబడిన తావున ఎవరును గాలము వేయకుందురు గాక. తెలియక కావలిచేప పడినచో, కొర్రమీను గట్టిప్రాణము గనుక, తడిచేతితో ముల్లు తీసి అక్కడనే విడువవచ్చును. ముల్లు మొనయొద్దనున్న ములుకును ముందుగనే పటకారుతో నొక్కియుంచినచో ఈ పని సులువగును.

చెఱువు ఎవరిది?

ఆయకట్టు రైతునకు నీటిమీద హక్కున్నంతమాత్రమున చేపమీద హక్కుండదు. చాల గ్రామములలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘమునకు చెందినది. ముదిరాజు, గంగపుత్ర కుటుంబములు ఆ చేపమీదనే బ్రదుకుచున్నవి. మనకు కూరయైనది వారికి కూలి. గాలము వేయగోరువారు ముందుగా ఆ సంఘము పెద్దల నడిగి, వారు చెప్పిన దినములలో, చెప్పిన తావుననే వేయవలెను. అభయారణ్యముల హద్దులలోని జలములందు అటవీశాఖవారి యనుమతి లేనిదే గాలము వేయరాదు.

ఒక సహకార సంఘపు సభ్యులు మఱియొక సహకార సంఘపు పంటను కాపాడుట సహకారధర్మములో మొదటి మెట్టు. రెండు సంఘములవారును వానలకు ముందు ఒక దినము చెఱువుకట్టపై గూడి, గాలము వేయు దినములను, వేయగూడని దినములను తీర్మానించి, తూమువద్ద నొక పలకమీద వ్రాసిపెట్టినచో తగవులకు తావుండదు. రేకు కట్టుట ఒక పూట పని. నేర్చుకొన్నచో జీవితాంతము పనికివచ్చును. వేయవలసిన కాలమును నేర్చుకొన్నచో మన బిడ్డలకును ఆ రేకుతో పట్టుటకు చేప మిగులును.